దయానందం దిద్దిన సీను

తూముకి పలకలు వెయ్యడంలో దయానందాన్ని మించినవాడు కోడూరు మండలంలో లేడని రొయ్యల రైతులందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాడు ఒకసారి వేరే మనిషి చేత వేయించుకుని, సగం చెరువు మురుగుకాలవలో కలిసిపోయాక ఒప్పుకుంటాడు. గట్టు అడుగున మనిషి మోకాళ్ళ మీద దూరగలిగినంత సిమెంటు దారి, దాని మొదట్లో అటూ ఇటూ గాళ్ళు, ఆ గాళ్ళలో ఒకదాని మీద ఒకటి దింపిన చెక్క పలకలు రెండు వరసలు, వరసల మధ్య కాలితో తొక్కి దట్టించిన బంకమన్ను. తూమంటే ఇంతే. చూసినవాడికి ఇదేం విద్య అనిపిస్తుంది. కానీ సముద్రం పోటు మీదున్నప్పుడు కాలవ నీళ్ళు లోపలికి తోస్తాయి, పాటు మీదున్నప్పుడు చెరువు నీళ్ళు బయటికి తోస్తాయి. రెండు తోపుళ్ళకీ ఆగాలి. దయానందం వేసిన తూము దగ్గర చెవి పెట్టి వింటే చుక్క చప్పుడుండదు. "నా తూము మూగదండీ" అని చెప్పుకుంటాడు.

అందుకే మలయాళం సినిమా వాళ్ళకి తూము మనిషి కావలసి వచ్చినప్పుడు విక్రమ్ నేరుగా అతని ఇంటికొచ్చాడు. విక్రమ్‌ది గుడివాడ. ముప్పై అయిదేళ్ళుంటాయి. సినిమాలకి చోట్లు చూసిపెట్టడం అతని వృత్తి. కొచ్చిలో నాలుగేళ్ళుండి మలయాళం కూడా పట్టాడు.

"కథేంటంటే బాబాయ్," అన్నాడు అరుగు మీద కూర్చుని, "కేరళ నుంచి ఒకతను మన రొయ్యల చెరువుల మీదికి పనికొస్తాడు. చీమకి హాని చెయ్యడు. చర్చిలో పాటలు పాడతాడు. చివరికి చూస్తే చంపింది వాడే. మనకి ఇంటర్వెల్‌కే తెలిసిపోద్ది. ఇంట్లో పెళ్ళానికి మాత్రం తెలీదు. అదీ సస్పెన్సు."

"ఫైట్లు ఉంటాయా?" అన్నాడు దయానందం.

"ఉండవు."

"పాటలు?"

"చర్చిలో ఒకటి. అంతే. మనిషి మొహం మీద కెమెరా పెట్టి పది నిమిషాలు పక్కకి తిప్పరు. వాళ్ళ సినిమాలంతే."

"పది నిమిషాలు మొహం చూడ్డానికి డబ్బులిస్తారా జనం?"

టీ గ్లాసులు తెచ్చిన దయానందం భార్య కృపావతి గుమ్మంలోనే నిలబడిపోయింది. "పెళ్ళానికి తెలీకపోవడం ఏంటి బాబూ? ఒకే ఇంట్లో ఉంటా?"

"దాన్నే సైకలాజికల్ అంటారు పిన్నీ."

"దాన్ని మా ఊళ్ళో మొద్దుమొహం అంటారు," అంది కృపావతి. ముగ్గురూ నవ్వారు.

తూము పని దయానందానికీ, యూనిట్‌కి మధ్యాహ్నం వంట కృపావతికీ కుదిరింది. చెరువు కూడా విక్రమ్ చూసేశాడు. ఊరి చివర, మడ అడవికి ఆనుకుని, ఎనిమిదేళ్ళుగా సాగులేక పడి ఉన్న పెద్ద చెరువు. డైరెక్టరు ఫోటో చూసి ఇదే కావాలన్నాడట. ఆ చెరువు పేరెత్తగానే కృపావతి భర్త వైపు చూసింది. అతను టీ ఊదుకుంటున్నాడు.

పదకొండేళ్ళ కిందట ఆ చెరువు మీద సత్యవేదం అనే సూపర్‌వైజరు ఉండేవాడు. డిసెంబరులో ఒక సాయంత్రం కనిపించకుండా పోయాడు. మూడో రోజున మడ చెట్ల మధ్య, మురుగుకాలవ మొగలో తేలాడు. ఒంటి మీద చొక్కా లేదు. రెండు చేతులూ నడుముకి కలిపి నైలాన్ తాడుతో కట్టేసి ఉన్నాయి. ఎడమ భుజం మీద అరచెయ్యంత మేర తోలు లేచిపోయింది. గట్టు మీదికి లాగినప్పుడు, అతని భార్య చూడలేక పడిపోతే, కృపావతే తన ఇంటి దుప్పటి తెచ్చి కప్పింది. ఆ భుజం చూసింది అప్పుడే.

తాడు ప్రేమ్ కుమార్ పడవదని తర్వాత తేలింది. ప్రేమ్ కుమార్ కృపావతి తమ్ముడు. అప్పటికి ఇరవై మూడేళ్ళు. అదే చెరువు మీద మేత చల్లేవాడు. అంతకు రెండు రోజుల ముందు సత్యవేదం అతన్ని గట్టు మీద పదిమందిలో చెంపమీద కొట్టాడు. పోలీసులకి అది చాలింది. పడవలో తీసుకెళ్ళి కాలవలో పడేశాడని కేసు రాశారు. ప్రేమ్ కుమార్ మొదటినుంచి చివరిదాకా ఒకటే మాట చెప్పాడు: "ఆ సాయంత్రం నేను మా అక్క ఇంట్లో ఉన్నాను. అక్కడే అన్నం తిన్నాను."

నిజమే, అక్కడే తిన్నాడు. ఆ సాయంత్రం ఇంట్లో లేనిది దయానందం.

శవం దొరికిన రోజునే దయానందం భార్య ముందు కూలబడి ఏడ్చాడు. "సత్యవేదానికీ నాకూ పడదని ఊరంతటికీ తెలుసు కృపా. రొయ్యలు దొంగిలిస్తన్నానని నన్ను నానా మాటలూ అన్నాడు. ఆ సాయంత్రం నేను పక్క రైతు చెరువులో దొంగతనంగా వల వేశా. అది చెబితే దొంగనవుతా, చెప్పకపోతే హంతకుణ్ణవుతా. నేను ఇంట్లోనే ఉన్నానని చెప్పు."

"ఆ పూట ప్రేమ్ ఇక్కడే ఉన్నాడుగా. వాణ్ణి కూడా అడుగుతారు."

"వాడికి అబద్ధం చేతకాదు. బావ లేడని చెప్పేస్తాడు. అందుకని వాడు రాలేదని చెప్పు. వాడి మీద ఎవడికి అనుమానం ఉంది?"

అప్పటికి తాడు ఎవరిదో తేలలేదు. కృపావతి పోలీసులకి అలాగే చెప్పింది. తేలిన తర్వాత మాట మార్చుకుంటానంటే దయానందం ఆపాడు. మాట మారిస్తే ఇద్దర్నీ పట్టుకెళ్తారన్నాడు. చెయ్యనివాణ్ణి కోర్టు ఎందుకు శిక్షిస్తుంది, నాలుగు రోజులుంచి వదిలేస్తారన్నాడు. ఆమె నమ్మింది. బందరు కోర్టులో దేవుడి ఎదుట ప్రమాణం చేసి, తమ్ముడు ఆ సాయంత్రం తన గడప తొక్కలేదని చెప్పింది. యావజ్జీవం పడింది. తల్లి జ్ఞానమ్మ మూడేళ్ళు బతికింది. ఆ మూడేళ్ళూ కూతురితో ఒక్క మాట మాట్లాడలేదు. పోయేముందు కూడా మొహం గోడవైపే పెట్టుకుంది.

చంపింది ఎవరో కృపావతికి తెలీదు. ఎవరో బయటివాళ్ళయి ఉంటారని, దేవుడు చూస్తున్నాడని అనుకునేది. తను చేసింది తప్పేనని తెలుసు. కానీ చెయ్యని నేరం నుంచి మొగుణ్ణి తప్పించాననే ఒక్క ముక్క పట్టుకుని పదకొండేళ్ళు నిలబడింది.

షూటింగు మూడో రోజు. పొద్దున పదిన్నర. పాటు మొదలై కాలవలో నీళ్ళు దిగుతున్నాయి. ఆ రోజు సీనులో హీరో శవాన్ని తూములోంచి కాలవలోకి పంపెయ్యాలి. మనిషంత రబ్బరు బొమ్మ చేయించారు. కృపావతి మజ్జిగ బిందె మోయించుకుని గట్టు మీదికి వచ్చేసరికి రెండుసార్లు తీసి, మూడోసారి తీస్తున్నారు. హీరో నడుంలోతు నీళ్ళలో నిలబడి పలకలు పైనుంచి ఒక్కొక్కటీ పీకాడు. బొమ్మని తల ముందుపెట్టి తోశాడు. చేతులు విచ్చుకుని బొమ్మ సిమెంటు దారికి అడ్డంపడింది. కాలితో తన్నాడు. కదల్లేదు.

డైరెక్టరు బిజోయ్ నెమ్మదస్థుడు, అరవడు. గడ్డం గోక్కుంటూ ఏదో అన్నాడు. విక్రమ్ తెలుగులో చెప్పాడు: "ఇక వద్దంటన్నారు బాబాయ్. పలకలు తియ్యడం చూపించి, టక్కున కాలవలో తేలిన శవాన్ని చూపించేద్దామంట. మధ్యలోది అక్కర్లేదంట."

గట్టు మీద గొంతుక్కూర్చున్న దయానందం మూడు టేకులూ చూశాడు. చూస్తున్నంతసేపూ అతని చేతి వేళ్ళు వాటంతటవే కదులుతున్నాయి. ఎవరైనా తన పని చెడగొడుతుంటే అతనికి అలాగే అవుతుంది.

"మధ్యలోదే కదయ్యా పని," అన్నాడు.

లేచి, లుంగీ ఎగగట్టి నీళ్ళలోకి దిగాడు. హీరోని భుజం పట్టుకుని పక్కకి జరిపాడు.

"తల ముందు పెడితే ఈ జన్మకి పోదు. కాళ్ళు ముందు. చేతులు ఇట్టా విచ్చుకుంటాయి, చూశారా, అందుకని రెండూ నడుముకి కట్టెయ్యాలి. తాడు ఇవ్వండి. ఇట్టా. ముందు చొక్కా విప్పండి, లోపల తగులుకుద్ది. పలకలు పైనుంచి తియ్యకూడదు విక్రమూ, చెప్పు ఆయనకి. నాలుగు పలకలు గాళ్ళలో పైకెత్తి చీల కొట్టి నిలపాలి, కింద ఖాళీ వదలాలి. అప్పుడు నీళ్ళు అడుగునుంచి గుంజుతాయి. మనం తొయ్యక్కర్లా. కాలవే తీసుకుపోద్ది. మనం ఊరికే పట్టుకుని వదలడమే."

పట్టుకుని వదిలాడు. బొమ్మ పక్కకి తిరిగి, కాళ్ళు ముందుగా, చప్పుడు లేకుండా గట్టు కిందకి వెళ్ళిపోయింది. అవతలి వైపు కెమెరా దగ్గరివాళ్ళు కేకేశారు. వచ్చేసిందట.

యూనిట్ అంతా చప్పట్లు కొట్టింది. బిజోయ్ నీళ్ళలోకి దిగి దయానందాన్ని వాటేసుకున్నాడు. ఆ తర్వాత శవం వేషం వేసే నటుడికి నుదుటి మీద దెబ్బ దిద్దుతున్న మేకప్ మనిషిని చూసి దయానందం తల అడ్డంగా ఊపాడు.

"నుదురు కాదు. లోపల ఎడమవైపు కమ్మి ముక్క బయటికొచ్చి ఉంది. మెలిక తిరిగేటప్పుడు ఇక్కడ గీరుకుద్ది." నటుడి ఎడమ భుజం మీద తన అరచెయ్యి ఆన్చి చూపించాడు. "ఇంత. ఇంతమేర తోలు లేచిపోద్ది. రక్తం పెట్టొద్దు, నీళ్ళలో కడుక్కుపోద్ది. తెల్లగా ఉంటది."

విక్రమ్ తర్జుమా చేశాడు. బిజోయ్ ఏదో అడిగాడు.

"ఎట్టా తెలుసని అడుగుతున్నారు బాబాయ్."

"ఒకసారి గేదెదూడ కొట్టుకొచ్చిందిలే," అన్నాడు దయానందం.

కృపావతి మజ్జిగ ముంచుతోంది. ముంచిన గ్లాసు ఎవరికీ ఇవ్వకుండా పట్టుకుని నిలబడింది. సత్యవేదం ఆ తూములోంచి పోయాడని పోలీసులు అనలేదు, కోర్టు అనలేదు, ఊళ్ళో ఎవరూ అనలేదు. పడవలో తీసుకెళ్ళారనే అందరి లెక్క. చొక్కా ఎందుకు లేదో, భుజం ఎందుకలా అయిందో ఎవరికీ అంతుపట్టలేదు. చేపలు కొరికాయన్నారు.

అదంతా ఒక ఎత్తు. ఆమెని నిలబెట్టేసింది భర్త మొహం. తడిసిన లుంగీతో, చుట్టూ జనం పొగుడుతుంటే, అతను వెలిగిపోతున్నాడు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఎన్నో తూములు వేసి వచ్చి భోంచేస్తూ చెప్పుకున్నప్పుడు చూసిన వెలుగే అది. పదకొండేళ్ళుగా ఎవరికీ చూపించుకోలేకపోయిన పని ఒకటి ఇవాళ పదిమంది ముందు చూపించుకున్నాడు.

మూడు గంటలకి వాన పట్టి షూటింగు ఆగింది. మొగుడూ పెళ్ళాం బండి మీద ఇంటికొచ్చారు. దయానందం దారిపొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. పేరు తెర మీద వేస్తారట. కొచ్చి రమ్మన్నారట. ఇంట్లో తువ్వాలుతో తల తుడుచుకుంటుంటే కృపావతి అడిగింది.

"సత్యవేదం చొక్కా ఏం చేశావు?"

తువ్వాలు ఆగింది. మళ్ళీ కదిలింది. "పిచ్చా నీకు?"

"లోపల తగులుకుద్దన్నావుగా."

"గేదెదూడ..."

"గేదెదూడకి చొక్కా ఎవరు తొడిగారయ్యా?"

అతను మంచం మీద కూర్చున్నాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు. తువ్వాలు నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నేను వల వేసింది పక్క రైతు చెరువులో కాదు. ఆ చెరువులోనే. పట్టుకున్నాడు. ఊళ్ళో కట్టేసి చూపిస్తానన్నాడు. గట్టు మీద ఒక్క తోపు తోశా, అంతే. తలకి పలక తగిలింది. మిగతాదంతా తర్వాత చెయ్యాల్సొచ్చింది."

"తాడు?"

"చేతికి అందింది అది. ఎవరి పడవదో చూసుకునే టైమా?"

"మా తమ్ముడిదని తెలిశాక?"

"తెలిశాక ఏం చెయ్యమంటావు?" గొంతులో నిజంగానే విసుగు ఉంది. "నేను కోర్టులో ఒక్క ముక్క మాట్లాడలా కృపా. గుర్తు చేసుకో. నన్ను బోనెక్కించనే లేదు. మాట్లాడింది నువ్వు. దేవుడి ఎదుట చెయ్యెత్తి వాడు మా ఇంటికి రాలేదన్నది నువ్వు. ఇప్పుడెళ్ళి ఇంకోటి చెబితే ముందు ఎవర్ని తీసుకెళ్తారో ఆలోచించుకో." తర్వాత మెత్తగా అన్నాడు: "కాఫీ పెట్టు. వానకి ఒళ్ళు వణుకుతోంది."

ఆమె కాఫీ పెట్టింది. తర్వాత ఎన్నోసార్లు ఆమె తనని తాను తిట్టుకున్నది అందుకే. ఆ నిమిషంలో కూడా లేచి కాఫీ పెట్టింది.

షూటింగు వాళ్ళు వెళ్ళిపోయిన వారానికి, బందరు ఆస్పత్రిలో కళ్ళు చూపించుకుంటానని చెప్పి అవనిగడ్డ బస్సెక్కింది. వెళ్ళింది లాయరు భుజంగరావు గారింటికి. పదకొండేళ్ళ కిందట ప్రేమ్ కుమార్ తరఫున వాదించింది ఆయనే. డెబ్బై దాటాయి. ఇప్పుడు కోర్టుకి వెళ్ళడం తగ్గించారు. ఆమెని చూడగానే పోల్చుకున్నారు.

"రామ్మా. కూర్చో. నా సర్వీసులో నన్ను ఓడించిన సాక్షులు ఇద్దరే. ఒకడు పోలీసు. రెండో మనిషివి నువ్వు."

ఆమె నిలబడే చెప్పింది. మొదటినుంచి చివరిదాకా, తూము సంగతీ, భుజం సంగతీ, మంచం మీద కూర్చుని అతనన్న మాటలూ. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయ్యాక కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"సినిమా షూటింగులో మాటలు సాక్ష్యం కాదమ్మా. సినిమాకి ఐడియా ఇచ్చానంటాడు. పైగా నిజంగానే ఇచ్చాడు. ఇంట్లో నీతో అన్నది నువ్వు చెప్పాలి. నువ్వేమో ఒకసారి అబద్ధం చెప్పానని నీ నోటితోనే ఒప్పుకుంటున్నావు. ఇప్పుడు చెప్పేది నిజమని ఎవరు నమ్ముతారు?"

"మీరు నమ్మారా అండీ?"

"నేను అప్పుడే నమ్మలేదు నిన్ను. ఇప్పుడు నమ్ముతున్నాను. దానివల్ల ప్రయోజనం లేదు." ఆయన బల్ల సొరుగులోంచి కాగితాలు తీశారు. "అయినా ప్రయత్నం చేద్దాం. నువ్వు ప్రమాణపత్రం ఇస్తే హైకోర్టులో వేస్తాను. నువ్వు జైలుకి వెళ్ళాల్సి రావచ్చు."

"వెళ్తానండీ."

"అంత త్వరగా అనకు. ఇంకోటుంది. ఆగస్టు పదిహేనుకి మంచి ప్రవర్తన ఖైదీల్ని వదులుతారు. ఆ జాబితాలో మీవాడి పేరుందని కబురొచ్చింది. ఇప్పుడు కేసు తిరగదోడితే, 'కోర్టు తేలుస్తుందిలే' అని ఆఫీసర్లు ఆ ఫైలు పక్కన పెడతారు. రూలేం లేదు. అలవాటు. కోర్టులో తేలేసరికి మూడేళ్ళో, అయిదేళ్ళో. అందుకని అతని సంతకం లేకుండా నేనేం చెయ్యను. వెళ్ళి అడుగు. తన పేరు నిలబెట్టమంటాడో, తనని బయటపడెయ్యమంటాడో వాడే చెప్పాలి."

గుడివాడలో స్త్రీల ప్రార్థన కూటమి ఉందని దయానందానికి చెప్పింది. గుడివాడ దాకా బస్సు, అక్కణ్ణుంచి రైలు. రాజమండ్రి జైలుకి ఆమె వెళ్ళడం అదే మొదటిసారి. పదకొండేళ్ళలో రెండుసార్లు బయల్దేరి, రెండుసార్లూ బందరు బస్టాండులోంచి వెనక్కి వచ్చేసింది.

జాలీ అవతల ప్రేమ్ కుమార్ కూర్చున్నాడు. ముప్పై నాలుగేళ్ళకే చెవుల దగ్గర జుట్టు నెరిసింది. దర్జీ పని నేర్చుకున్నాడట, వేళ్ళ కొసలు గరుకుగా ఉన్నాయి.

"బాగున్నావా అక్కా," అన్నాడు, పోయినవారమే కలిసినట్టు.

ఆమె చెప్పింది. జాలీలోంచి గట్టిగా చెప్పాలి, పక్కన వేరేవాళ్ళు వింటున్నారు, అయినా చెప్పింది. అతను తల వంచుకుని విన్నాడు. విన్నాక తలెత్తాడు.

"ఇదంతా నీకిప్పుడు తెలిసిందా?"

"ఇప్పుడే రా. ఒట్టు. ఆ షూటింగులో చూసేదాకా నాకు తెలీదు."

"నేను వేరేగా అనుకున్నా." అతను ఒక్కో మాటా విడదీసి పలికాడు. "బావ చేశాడని నీకు తెలుసు, తెలిసే మొగుణ్ణి కాపాడుకుందిలే అనుకున్నా. కోపం వచ్చేది. కానీ అర్థమయ్యేది. ఆడమనిషి, మొగుడు పోతే ఎట్టా బతుకుద్దిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా ఇన్నేళ్ళూ. ఇప్పుడొచ్చి తెలీదంటావా? తెలీకుండానే, ఆయన్ని గట్టిగా ఒక్కమాట అడక్కుండానే నన్ను ఇచ్చేశావా?"

కృపావతి సంచిలోంచి లాయరు కాగితం తీసి జాలీకి ఆన్చి పట్టుకుంది.

"సంతకం పెట్టు తమ్ముడూ. నేను కోర్టులో చెబుతా. నన్ను జైల్లో వేసినా సరే. నీ పేరు..."

"నా పేరు జాబితాలో పద్దెనిమిదోది," అన్నాడు ప్రేమ్ కుమార్. "రోజూ వెళ్ళి చూసొస్తా, ఉందో తీసేశారో అని. కాగితం లోపల పెట్టుకో అక్కా."

"హంతకుడివనే అంటారు రా ఊళ్ళో."

"అమ్మ కూడా లేదుగా. ఇంకెవరికి చెప్పాలి నేను హంతకుణ్ణి కాదని? నాకు బయట గాలి కావాలి. అంతే."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"ఏం చెయ్యమాక. ఆ రోజు ఆయన కోసం మాట్లాడావు. నాకోసం మాట్లాడకుండా ఉండు. ఆగస్టు దాకా ఎవరికీ అనుమానం రానీయమాక. ఆయన భయపడి పోలీసుల దగ్గర ఏదైనా తిరకాసు పెడితే నా ఫైలు ఆగిపోద్ది. మామూలుగా ఉండు."

"ఆయనతో ఒకే కప్పు కింద మామూలుగా ఎట్టా ఉండను రా?"

"నేను ఒకే గదిలో నలభై మందితో ఉన్నా," అన్నాడు. "ఒక్కడితో ఉండలేవా?"

టైమయిందని వార్డరు పిలిచాడు. ప్రేమ్ కుమార్ లేచాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"బయటికొచ్చాక మీ ఊరు రాను. నువ్వు కూడా వెతుక్కుంటా రామాక."

మర్నాడు మధ్యాహ్నం ఆమె కోడూరులో బస్సు దిగేసరికి దయానందం బండి మీద కాచుకుని ఉన్నాడు.

"కూటమి బాగా జరిగిందా?"

"జరిగింది."

"పాస్టరమ్మగారిని అడిగితే గుడివాడలో కూటమేం లేదే అంది."

"వేరే సంఘం వాళ్ళది."

అతను బండి తీశాడు. ఇల్లు చేరాక ఆమె వంట చేసింది. వంకాయ, ఎండురొయ్యల కూర. అతనికి వడ్డించి, ఎప్పట్లా గోడకి ఆనుకుని కూర్చుంది. అతను తిన్నాక ఆమె తినడం ఆ ఇంట్లో ఇరవై నాలుగేళ్ళ అలవాటు. దయానందం అన్నం కలిపాడు. కలిపి, కలిపి, ముద్ద ఎత్తలేదు.

"నువ్వూ పెట్టుకో," అన్నాడు.

"తర్వాత తింటాలే."

"పెట్టుకో అంటన్నాగా. ఇదే గిన్నెలోంచి."

ఆమె పెట్టుకుంది. తింది. మూడు ముద్దలు ఆమె గొంతు దిగేదాకా చూసి, అప్పుడు అతను మొదలుపెట్టాడు. రాత్రీ అంతే. మర్నాడూ అంతే. మూడో రోజుకి ఆమెకి అర్థమయింది. అన్నంలో ఏదైనా కలుపుతుందన్న ఆలోచన అతనికి వచ్చింది. ఆమెకి అప్పటిదాకా రాలేదు.

మామూలుగా ఉండమన్నాడు తమ్ముడు, మామూలుగానే ఉంది. మే వెళ్ళింది, జూన్ వెళ్ళింది. విక్రమ్ ఫోన్ చేసి సినిమా ఎడిటింగు అయిపోయిందనీ, తూము సీను చూసినవాళ్ళంతా ఇదెలా తీశారని అడుగుతున్నారనీ చెప్పాడు. దయానందం పొడిగా సరేలే అన్నాడు. ఈమధ్య బయట టీ కొట్లో కూడా గ్లాసు పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు. మనిషి చిక్కిపోయాడు. లుంగీ నడుం మీద నిలవడం లేదు. షుగరేమో చూపించుకో బావా అని జనం అంటున్నారు.

ఇప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు. రెండు కంచాల్లో ఒకే గిన్నెలోని అన్నం, ఒకే కూర. తినేముందు కృపావతి కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంది. ఆ ప్రార్థన రోజురోజుకీ పొడుగవుతోంది. కూర చల్లారుతుంది, ఈగలు ముసురుతాయి, ఎదురుగా అతను ఆకలితో, చేత్తో ఈగలు తోలుకుంటూ, ఆమె మొహంలోకి చూస్తూ కూర్చుంటాడు. మూసిన కళ్ళ వెనక ఆమె ఆగస్టు పదిహేనుకి ఇంకెన్ని రోజులుందో లెక్కపెడుతుంది. ఒకసారి కాదు, రెండుసార్లు. అయ్యాక ఆమెన్ అని కళ్ళు తెరుస్తుంది. అయినా వెంటనే ముద్ద ఎత్తదు.